నా కంచం ముందు మూడు ప్రార్థనలు

ఈ సంగతి రాసిపెట్టవలసిన అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్తాను. పంతొమ్మిదేళ్ల వయసులో నేను అన్నం మానేసిన కథ ఢిల్లీలోని మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఇప్పటికీ మూడు రకాలుగా తిరుగుతోంది. మొదటి కథ ప్రకారం నేను ఎవరో పంజాబీ అబ్బాయిని ప్రేమించి భంగపడ్డాను. రెండో కథలో తప్పంతా ఢిల్లీ నీళ్లది. మూడోది మా అమ్మమ్మ స్వయంగా చెప్పే కథ. అందులో నేను చావు దాకా వెళ్లి, ఆవిడ ప్రార్థన వినబడగానే లేచి కూర్చుని, చేప ముక్కలు వేయించమని అడిగి తిన్నాను. ఆ పంజాబీ అబ్బాయిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ చేప ముక్కలనూ చూడలేదు.

ఇంకో కారణం ఇంతకంటే గట్టిది. మా కాలనీ గ్రంథాలయంలో ఒక బీరువా కింది అర తెలుగు పుస్తకాలది. ఆ అరలోని పుస్తకాలన్నీ నేను చదివాను, అట్టలు ఊడినవాటితో సహా. పచ్చళ్లు పెట్టడం గురించి ఉంది, విందు వంటల గురించి ఉంది, పథ్యం గురించి ఉంది. తినలేకపోవడం గురించి మాత్రం ఒక్క పేజీ లేదు. మన వాళ్లకు ఆ జబ్బు రాదని కాదు. వస్తే దాన్ని మొండితనం అంటాం, మొండితనం మీద ఎవరూ పుస్తకం రాయరు. ఆ లోటు కొంతైనా తీర్చాలని నా కోరిక.

నా అర్హతలు కూడా చెప్పుకోవాలి. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయి, తర్వాత దూరవిద్యలో ఈడ్చుకుంటూ పూర్తయింది. తెలుగు చదవడం బళ్లో నేర్చుకోలేదు. అమ్మమ్మ చర్చి పాటల పుస్తకంలో అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ నేర్చుకున్నాను. మిగిలిన చదువంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. పుస్తకం చేతికొస్తే ముందుమాట నుంచి చివరి పేజీల్లోని సూచిక దాకా వదలను. సూచికలో ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే ఆ రచయిత దేని గురించి దిగులు పడుతున్నాడో తెలిసిపోతుందని నా అనుభవం.

మాది మయూర్ విహార్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. నాన్న కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ నర్సు. నేను ఒక్కదాన్నే సంతానం. తెనాలి దగ్గర ఉండే అమ్మమ్మ ఏటా హోలీ వెళ్లాక వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్లిపోయేది. నా గొడవ మొదలయ్యాక వెళ్లడం మానేసింది.

నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మా నాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఆపేశారు. నాన్న అమ్మతో చెప్పకుండా విజయవాడకు బదిలీ అడిగాడు. అది మంజూరయ్యాక, తన ఉద్యోగం వదిలి రానని అమ్మ కూర్చుంది. నాన్న వెనక్కి తగ్గి బదిలీ రద్దు చేయించుకున్నాడు. ఒకళ్లు ఓడి ఒకళ్లు గెలిస్తే పోట్లాట అక్కడితో ముగిసేది. ఇద్దరూ తామే ఓడిపోయామనుకున్నారు కాబట్టి ముగియలేదు. అరుపులు లేవు, గిన్నెలు విసరడం లేదు. మా గోడల్లోంచి చప్పుడే రాదని పక్క ఫ్లాటు ఆంటీ మమ్మల్ని చూపించి తన భర్తకు బుద్ధి చెప్పేది.

మాటలు నా ద్వారా నడిచేవి.

"నాన్నని అడుగు, చారు పొయ్యనా అని," అనేది అమ్మ, గరిటె పట్టుకుని నాన్న భుజం పక్కనే నిలబడి.

"నాన్నా, చారు చాహియే?"

"పొయ్యమను. ఉప్పు తగ్గిందని కూడా చెప్పు."

"అమ్మా, నమక్ కమ్ హై."

"నాకు చెవుడేం లేదు, విన్నాను. బీపీ ఉన్నవాళ్లకి అంతే వేస్తారని చెప్పు."

ఢిల్లీలో పుట్టిన పిల్లలందరిలాగే నేనూ తెలుగులో విని హిందీలో జవాబిచ్చేదాన్ని. తెలుగులో బయల్దేరిన మాట హిందీలో చేరేసరికి దారిలో కారం కాస్త రాలిపోయేది. అందుకే మా ఇల్లు అన్నాళ్లు నిలబడిందేమో.

ఈ రాకపోకల్లో నేనొకటి గమనించాను. నేను కంచం ఖాళీ చేసి రెండోసారి అన్నం పెట్టించుకుంటే ఇద్దరూ ఒకే క్షణంలో నా కంచంలోకి చూసి ఒకేలా నవ్వేవారు. ఇంట్లో ఇంకెప్పుడూ అలా జరిగేది కాదు. కాబట్టి ఆకలున్నా లేకున్నా రెండోసారి పెట్టించుకునేదాన్ని. ఒక్కోసారి మూడోసారి కూడా.

దాని ఫలితం పదో తరగతికి నా బుగ్గల మీద కనపడింది. మన వాళ్ల పలకరింపు మీకు తెలియనిది కాదు. గుమ్మంలో అడుగు పెట్టగానే బాగున్నావా అని అడగరు, ఒళ్లు చేశావే అంటారు, లేకపోతే చిక్కిపోయావే అంటారు. మధ్యలో ఎవరూ ఉండటానికి వీల్లేదు. ఫెలోషిప్‌లో ఒక ఆదివారం నలుగురు ఆంటీలు వరసగా మొదటి మాట అన్నారు. ఆ సోమవారం నుంచి నాన్న నన్ను పొద్దున్నే లేపి పార్కుకు నడకకు తీసుకెళ్లాడు. అమ్మ అదే సోమవారం నుంచి నెయ్యి పెంచింది.

అప్పటి నుంచి నా కంచం బ్యాలెట్ పెట్టె అయింది. నేను తింటే ఓటు అమ్మ పార్టీకి. వదిలేస్తే నాన్న పార్టీకి. తిన్న రోజు అమ్మ కూనిరాగం తీసేది, నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవాడు. వదిలేసిన రోజు నాన్న "గుడ్, కంట్రోల్ ఉండాలి" అని భుజం తట్టేవాడు, అమ్మ గిన్నెలు కాస్త గట్టిగా కడిగేది. ఢిల్లీలో ఉంటున్నాం కనుక సంకీర్ణ ప్రభుత్వాలు ఎలా నడుస్తాయో టీవీలో చూస్తూనే ఉన్నాను. రెండు పార్టీలకూ కావలసిన ఎమ్మెల్యేకు నిద్ర పట్టదు.

కాలేజీలో చేరాక నేను రాజీనామా చేశాను, అంటే అన్నం మానేశాను. అందరూ అందం కోసం అనుకున్నారు. అదీ కొంత ఉంది, లేదనను. క్లాసులో అమ్మాయిల మాటలున్నాయి, ఫోనులో ఫొటోలున్నాయి, పరీక్షలంటే భయముంది. ఈ జబ్బుకు ఇల్లు ఒక్కటే కారణమని నేను చదివిన మంచి పుస్తకం ఏదీ చెప్పలేదు. ఎన్నో కారణాల్లో ఇల్లు ఒకటి కావచ్చునని మాత్రం చెప్పాయి. మా ఇంటి విషయంలో ఆ 'కావచ్చు' చాలా పెద్దది.

భోజనాలు ఎలా తప్పించుకున్నానో రాయను. ఆ విద్య ఎవరికీ అక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. మొదట నేనే అన్నాన్ని వద్దనుకున్నాను, కొన్నాళ్లకు ఆ నిర్ణయం నా చేతిలో లేకుండా పోయింది. తినకూడదన్న ఆలోచన మా ఇంట్లో ఐదో మనిషిలా మకాం పెట్టి, నేను గరిటె ముట్టుకుంటే చాలు వద్దు వద్దు అనేది. చదువుతున్న వాక్యం మధ్యలో కూడా అన్నం గురించే ఆలోచించేదాన్ని. ఆకలి చచ్చిపోయిందని అనుకునేవారు. ఆకలి ఎక్కడికీ పోలేదు, నేను దాని ముందు తలుపు వేసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్న భోజనం వేళ ఇంట్లో ఉండకుండా గ్రంథాలయానికి వెళ్లడం అలాగే మొదలైంది. అక్కడ పోటీ పరీక్షల కుర్రాళ్లు, ఫ్యాను కింద పేపర్లు చదివే రిటైరైన అంకుల్స్ తప్ప ఎవరూ ఉండరు. గ్రంథాలయం చూసుకునే సార్ కూడా మంచివాడే. ఆయనకున్న ఒకే ఒక దోషం, నన్ను చూసినప్పుడల్లా "బేటా, ఖానా ఖాయా?" అని, అన్నం తిన్నావా అని, అడగటం. అన్నం తప్పించుకోవడానికి వెళ్లిన మనిషి ఏ బీరువా ముందు నిలబడిందో ఊహించండి. ఆరోగ్యం, మనస్తత్వం, కుటుంబం అన్న అట్టముక్క అంటించిన ఇంగ్లిషు పుస్తకాల బీరువా ముందు. ఇంట్లో కంచం ముందు కూర్చోలేనిదాన్ని, అక్కడ కంచం ముందు కూర్చోలేని ఆడపిల్లల గురించి గంటల తరబడి చదివాను. వాళ్ల మీద చాలా జాలి పడ్డాను. ఆ పుస్తకాలు నా గురించేనని తట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఒక మధ్యాహ్నం అలా నిలబడి చదువుతూనే కళ్లు తిరిగి, పేపర్ల బల్ల మీద, సరిగ్గా షేర్ల ధరలు చూసుకుంటున్న ఒక అంకుల్ చేతుల్లో పడ్డాను.

"అరే బేటీ," అన్నాడట ఆయన కంగారుగా, "పేపర్ చాహియే థా తో మాంగ్ లేతీ!" పేపరు కావాలంటే అడగొచ్చుగా అని.

గ్రంథాలయం సార్ గ్లూకోజు నీళ్లు తాగించి ఇంటికి ఫోను చేశాడు. అమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. ఎందరి నాడినో చూసిన మనిషి అలవాటుగా నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని నాడి లెక్కపెట్టడం మానేసి మణికట్టునే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నేను మరిచిపోను. దాని మీద హాస్యం ఆడటం ఇప్పటికీ నా వల్ల కాలేదు.

అమ్మ పనిచేసే చోటు వద్దని వేరే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టర్ మేడం ఢిల్లీ మనిషి, నిదానస్తురాలు. పరీక్షలన్నీ చేయించి, ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగింది. "ఘర్ మే కౌన్ కిస్‌సే బాత్ కర్తా హై?" ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడతారు?

"అందరం మాట్లాడుకుంటాం," అంది అమ్మ.

"నార్మల్ ఫ్యామిలీ, మేడం," అన్నాడు నాన్న అదే క్షణంలో.

ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

మేడం అది కాగితం మీద రాసుకుని నియమాలు చెప్పింది. ఏం పెట్టాలో పోషకాహార నిపుణురాలు చెప్తుంది, అది అమ్మ పెడుతుంది. రాత్రి భోజనం అందరూ కలిసి చెయ్యాలి. బల్ల దగ్గర తిండి మాట ఎత్తకూడదు, ఒంటి మాట ఎత్తకూడదు. తింటే మెచ్చుకోకూడదు, తినకపోతే తిట్టకూడదు. నెల తర్వాత చూస్తాను, మార్పు లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకోక తప్పదు అంది.

చేర్చుకోవడం అన్న మాట నాకు కొత్త కాదు. అమ్మ కోసం ఎదురుచూస్తూ ఆసుపత్రి వరండాల్లో హోంవర్కులు చేసుకున్నదాన్ని. మంచం మీద పడుకున్నవాళ్ల గురించి బయట నిలబడ్డవాళ్లు ఎలా మాట్లాడుకుంటారో విన్నదాన్ని. ఆ మంచం మీదికి వెళ్లడం నాకిష్టం లేదు. వెళ్లకుండా ఉండాలంటే తినాలి. తినాలంటే భయం. ఆ నెలంతా నా ముందున్నది అదొక్కటే.

మొదటి రాత్రి నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. అమ్మమ్మకు నియమాలన్నీ వివరించి చెప్పారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. తిండి మాట, ఒంటి మాట తీసేస్తే మా కుటుంబానికి మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

నాన్న మొదలుపెట్టాడు. "ఇవాళ మెట్రోలో ఒక తమాషా జరిగింది. రాజీవ్ చౌక్‌లో ఒకాయన ఎక్కి నా పక్కనే కూర్చుని, సంచీలోంచి తీశాడు..." అని ఆగిపోయాడు.

"ఏం తీశాడు?" అంది అమ్మమ్మ.

"ఏదో తీశాడులెండి అత్తయ్యా. సెక్యూరిటీ వాళ్లు తిట్టారు."

అమ్మ అందుకుంది. "మా వార్డులో కొత్త పేషెంటొచ్చింది. పాపం పెద్దావిడ. మూడు రోజుల్నుంచీ ఏమీ..." అని తనూ ఆగింది.

"మీ చిన్నమామయ్య ఇల్లు కట్టాడే," అంది అమ్మమ్మ నాతో, ధైర్యంగా. "ఎంత బాగుందనుకున్నావ్. హాలు ఇంత. పడగ్గది ఇంత. ఇక వంటగదైతే, నలుగురు కూర్చుని అరిసెలు..."

"అమ్మా!" అంది అమ్మ.

"ఇంటి గురించేగా చెప్తున్నా!"

మర్నాడు వాతావరణం గురించి మొదలుపెడితే మామిడికాయల దగ్గరికి వచ్చింది. రాజకీయాల గురించి మొదలుపెడితే ఉల్లిపాయల దగ్గరికి వచ్చింది. నేను గ్రంథాలయం పుస్తకం తెచ్చి, కుటుంబంలో ఇద్దరి మధ్య మాట నిలిచిపోతే ఆ బరువు మూడో మనిషి మీద పడవచ్చు అన్న అధ్యాయం వాళ్లకు తెలుగులో చెప్పబోయాను. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు.

"ఇది రాసినాయనకి పెళ్లాం వేళకి అన్నం పెట్టదేమో," అంది అమ్మమ్మ.

మూడో రాత్రి ఆవిడ దారి కనిపెట్టింది. భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన చెయ్యడం మా ఇంట్లో రివాజు. సాధారణంగా రెండు వాక్యాలు, ఒక ఆమెన్. ఆ రాత్రి అందరం కళ్లు మూసుకున్నాక అమ్మమ్మ గొంతు పెంచింది.

"ప్రేమగల తండ్రీ! ఈ అన్నం కోసం, ఈ పప్పు కోసం, ఈ బంగాళదుంపల వేపుడు కోసం నీకు స్తోత్రం. ఈ వేపుడంటే నీ బిడ్డకి చిన్నప్పుడు ప్రాణం. గిన్నె గీకి తినేది. నువ్వు చూశావు ప్రభువా. నన్నేమీ మాట్లాడొద్దన్నారు, డాక్టరమ్మ ఆజ్ఞ. అందుకని నేను దాంతో ఏమీ అనటంలేదు, నీతో అంటున్నాను. దాని మెడ చూడు తండ్రీ. ఆ చేతులు చూడు. ఈ వేపుడు మీద దానికి మళ్లీ మనసు పుట్టించు. నూనె కూడా తక్కువే వేశాం..."

"ఆమెన్!" అన్నాడు నాన్న గట్టిగా.

"ఇంకా అవలేదు అల్లుడుగారూ," అంది అమ్మమ్మ, కళ్లు తెరవకుండా.

అయ్యాక నేను కోపంగా అన్నాను. "అమ్మమ్మా, యే చీటింగ్ హై!"

"నీతో నేనేమైనా అన్నానటే? అది మా ఇద్దరి మధ్య మాట. మధ్యలో నువ్వెవతివి?"

మా ఇంట్లో మాటను మధ్యలో తుంచడం అందరి హక్కు. ప్రార్థనను మాత్రం ఎవరూ తుంచకూడదు. ఆ సంగతి అమ్మమ్మ తర్వాత అమ్మకు తట్టింది. మర్నాడు తను ప్రార్థిస్తానంది. డ్యూటీ మారేటప్పుడు నర్సులు తర్వాతి వాళ్లకు రోగిని అప్పజెప్పే పద్ధతి ఒకటుంటుంది. అమ్మ నన్ను దేవుడికి అలాగే అప్పజెప్పింది.

"ప్రభువా, ఇవాళ పొద్దున టిఫిన్ పూర్తిగా తీసుకోలేదు. మధ్యాహ్నం పర్లేదు. మూడ్ డల్. నిద్ర సరిగా లేదు. మోషన్ సంగతి అడిగితే చెప్పట్లేదు. ఇక హిస్టరీ కూడా నీకు చెప్పాలి తండ్రీ. ఎదిగే వయసులో పిల్లని నిద్ర లేపి పార్కు చుట్టూ పరిగెత్తించినవాళ్లు ఈ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకి బుద్ధి దయచెయ్యి. ఆమెన్."

నాన్న ప్రార్థన చేసి ఎన్నేళ్లయిందో తెలియదు. తర్వాతి రాత్రి చేశాడు.

"ప్రభువా, నిన్న తమకు సమర్పించిన ప్రార్థనలో కొన్ని వాస్తవాలు ప్రస్తావించలేదని విన్నవించుకుంటున్నాను. పరిగెత్తించడం జరగలేదు, నడక మాత్రమే. అదీ బిడ్డ సమ్మతితో. వద్దు వద్దంటున్నా నెయ్యి పోసి రెండోసారి మూడోసారి వడ్డించిన విషయం తమ దృష్టికి రాలేదనుకుంటాను. కావున ఉభయ పక్షాల వాదనలూ విని తగు చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను. ఆమెన్."

కళ్లు మూసుకుని వింటున్న నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఒక ఆలోచన కూడా. నన్ను మధ్యలో పెట్టకుండా వాళ్లు పోట్లాడుకుంటున్నారు. నా పని దేవుడికి అప్పగించారు. ఆయన హిందీలోకి మార్చకుండా ఉన్నదున్నట్టు చేరవేస్తున్నాడు, కారం కూడా రాలడం లేదు.

కాని అన్నం చల్లారిపోయేది. ప్రార్థన ముగిసి కళ్లు తెరవగానే ఆరు కళ్లు నా కంచంలోనే ఉండేవి. నాలుగు మెతుకులు కెలికి లేచేదాన్ని.

ఆ మధ్యలో అమ్మమ్మ ఆదివారం ఫెలోషిప్‌లో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు లేచి నిలబడి, మనవరాలు అన్నం తినటంలేదని అందరి ముందూ మనవి చేసింది. సాయంత్రానికి ఇంటి నిండా డబ్బాలు. కోడి పలావు, కజ్జికాయలు, సున్నుండలు. అమ్మతో పనిచేసే ఒక నర్సు ఆంటీ నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లి, తల మీద చెయ్యి పెట్టి కాసేపు కన్నీళ్లతో ప్రార్థించింది. తర్వాత కళ్లు తుడుచుకుని చెవి దగ్గరికి వచ్చింది.

"అవునుగానీ తల్లీ, ఏం డైట్ చేశావో కాస్త చెప్పవా? మా పెద్దదానికి వచ్చే నెల పెళ్లిచూపులు."

"ఆంటీ, యే బీమారీ హై," అన్నాను. ఇది జబ్బు ఆంటీ అని.

"అచ్ఛా అచ్ఛా," అందావిడ, సగం నమ్మి. "మరీ నీ అంత వద్దులే. సగం చాలు."

నెల గడిచింది. రేపు పొద్దున డాక్టర్ మేడం దగ్గరికి వెళ్లాలి. బట్టలు సర్దాలా వద్దా అని అమ్మ సంచీ బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టి, మళ్లీ తీసింది. బల్ల దగ్గర అమ్మమ్మ మొదలుపెట్టింది. ఆవిడ అయ్యాక అమ్మ. అమ్మ అయ్యాక, జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టవుతుందని నాన్న. ఆ రాత్రి విజయవాడ బదిలీ కూడా దేవుడి ముందుకు వచ్చింది. పప్పు మీద తెట్టె కట్టింది. నాన్న ఆమెన్ అనగానే, ఎవరూ కళ్లు తెరవకముందే నేనన్నాను.

"రుకో, ఆగండి. నేనూ చేస్తా."

చిన్నప్పుడు సండే స్కూల్లో తప్ప నేను పైకి ప్రార్థించింది లేదు. నా తెలుగు అప్పట్లో ఎలా ఉండేదో అలాగే వచ్చింది.

"ప్రభువా, వీళ్లు ముగ్గురూ మంచివాళ్లే. వీళ్ల మీద గుస్సా చెయ్యొద్దు. పర్ నేను తింటే అమ్మ గెలుస్తుంది, తినకపోతే నాన్న గెలుస్తాడు. నాకు ఎవర్నీ గెలిపించాలని లేదు. నేను థక్ గయీ, అలిసిపోయా. చిన్నప్పట్నుంచీ వీళ్ల మాటలు నేనే మోస్తున్నా. ఇంక నాకు చేతకాదు. వాళ్ల లడాయి వాళ్లని చేసుకోమను, నా ప్లేట్‌లో వద్దని చెప్పు. ఇంకోటి. నాకు డర్ లగ్తా హై. తినాలంటే భయం. తినకపోతే చచ్చిపోతానేమో అని అదీ భయమే. హాస్పిటల్‌కి వెళ్లాలని లేదు. బస్, అంతే. ఆమెన్."

ఎవరూ తుంచలేదు. తుంచకూడదు కదా.  అమ్మమ్మ ముక్కు చీదుకుంది.

మొదట నాన్నే కళ్లు తెరిచాడు. బల్ల మీదకు చూస్తూ అన్నాడు. "ఆ పెరుగు గిన్నె ఇటు జరుపు."

నేను చెయ్యి చాపబోయాను.

"నిన్ను కాదు తల్లీ," అన్నాడు. "అమ్మని."

అమ్మ గిన్నె జరపలేదు. నాన్న మొహంలోకి సూటిగా చూసింది. "చేతుల్లేవా మీకు? అందుకోండి," అంది.

"నీ కోపమేంటో నాకు చెప్పకుండా ఇన్నేళ్లూ..." అన్నాడు నాన్న.

"చెప్పకుండా చేసింది నేనా? అప్లికేషన్ పెట్టింది నేనా?"

"నా తల్లికి ఒంట్లో బాగాలేకపోతే..."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా! సెలవు పెట్టుకుని నేనే వచ్చి చూసుకునేదాన్ని కదండీ! ఆర్డర్ కాగితం చేతిలో పెడతారా?"

విజయవాడలో నాయనమ్మకు ఒంట్లో బాగాలేక నాన్న ఆ బదిలీ అడిగాడని అమ్మకు తెలియదు. నాకూ తెలియదు. నేను చేరవేసిన వేల మాటల్లో ఆ ఒక్క మాట లేదు. వాళ్లు అరుచుకున్నారు. పక్క ఫ్లాటు ఆంటీ బాల్కనీలోకి వచ్చిన చప్పుడైంది. అమ్మమ్మ ఒకసారి కూతురి వైపు, ఒకసారి అల్లుడి వైపు తల తిప్పుతూ, చాలా కాలానికి మంచి కాలక్షేపం దొరికినట్టు కూర్చుంది. నా కంచంలోకి ఎవరూ చూడటం లేదు.

నేను ఒక ముద్ద కలుపుకున్నాను. అద్భుతాలేమీ జరగలేదు. ఐదో మనిషి వద్దు వద్దు అంటూనే ఉన్నాడు. అయినా ఆ గోలలో వాడి గొంతు కాస్త తక్కువ వినపడింది. ఆ రాత్రి నాకు పెట్టినదంతా తినలేదు. కానీ లేచి వెళ్లిపోలేదు. చివరి దాకా కూర్చున్నాను.

మర్నాడు డాక్టర్ మేడం బరువు చూసింది, రక్తపరీక్షలు చూసింది. పెద్ద మార్పేమీ లేదు. సంచీ అమ్మ ఒళ్లోనే ఉంది. రాత్రి జరిగింది చెప్పమంది. నేను చెప్పాను. మధ్యలో అమ్మ, "అలా అనలేదు, మేడం" అని అడ్డొచ్చింది. నాన్న, "అన్నావు, నేను విన్నాను" అన్నాడు. మేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి మొదటిసారి నవ్వింది. పరీక్షల్లో ప్రమాదమేమీ లేదు కనుక ఇంకో రెండు వారాలు చూద్దామంది. ఈసారి వారం వారం రావాలి, నాతో పాటు వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడాలి అంది. సంచీ ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత కూడా దాని అవసరం రాలేదు. దగ్గరి దాకా వెళ్లిన రోజులున్నాయి. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది, మధ్యలో రెండుసార్లు వెనక్కి పడ్డాను. చేప ముక్కల కథ నమ్మి, ప్రార్థనతో సరిపోతుందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లని ఇల్లు ఏదైనా ఉంటే, వాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలూ రాశాను.

సాయపడినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఎవరి పేర్లూ రాయనని ఇంట్లో మాటిచ్చాను కాబట్టి వరసలతోనే చెప్తాను. డాక్టర్ మేడానికి, ఏం తినాలో చెప్పి ఎంత తిన్నావని అడగని పోషకాహార నిపుణురాలికి కృతజ్ఞతలు. గడువు దాటిన పుస్తకాలు తెచ్చినా రుసుము మాట ఎత్తని గ్రంథాలయం సార్‌కు, షేర్ల ధరలు పక్కన పెట్టి నన్ను పట్టుకున్న అంకుల్‌కు కృతజ్ఞతలు. డబ్బాలు తెచ్చిన ఆంటీలందరికీ, డబ్బాలు తిరిగి ఇవ్వడం మరిచిపోయినందుకు క్షమాపణతో సహా. మాకు దేవుడితో మాట్లాడే కొత్త పద్ధతి నేర్పిన అమ్మమ్మకు.

అమ్మకూ నాన్నకూ వేరుగా చెప్పాలి. ఈ కాగితాలు ముందు వాళ్లకే చదివి వినిపించాను, నిన్న భోజనాల దగ్గర. తను అంత పొడుగు ప్రార్థన ఎన్నడూ చెయ్యలేదని అమ్మ అంది. చేశావు, నేను లోపల వంద దాకా లెక్కపెట్టాను అన్నాడు నాన్న. ప్రార్థనలో లెక్కపెడతారా ఎవరైనా అని అమ్మ నిలదీసింది. దాని మీద వాళ్లిద్దరూ ఎంతకీ తేల్చుకోలేదు. నాకు ఆకలిగా ఉంది, అన్నం పెట్టుకుని తినేశాను.